ఆ చప్పుడు ఎక్కడికి పోయినది?

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 19:9–18, 21:1–20



మేము హైదరాబాదులోని తార్నాకలో కాపురమున్న దినములలో ప్రార్థన మధ్యలో ఆగుట మాకు అలవాటైపోయినది. విమానము వచ్చుచున్నదని చెవికి తెలియగానే, వాక్యము చదువువారు వ్రేలు ఆ వచనముమీదనే ఉంచి ఊరకుండెడివారు. అది దాటిపోయిన తరువాత మరల మొదలుపెట్టెడివారు. బేగంపేట విమానాశ్రయమునకు తూర్పు దిక్కునుండి దిగు విమానములు మాకు ఉత్తరపు ప్రక్కగా, లాలాగూడ వైపున పోవుచుండెను. దిగు విమానము రన్‌వేకు ఆరు కిలోమీటర్ల దూరములో ఉన్నప్పుడు దాని ఎత్తు సుమారు వెయ్యి అడుగులే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టళ్లలో చదువుకొను మన పల్లెల బిడ్డలు కూడ, కన్ను మూతపడు వేళకే విమానము లేపుచున్నదని మాతో చెప్పెడివారు.

2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదులో క్రొత్త విమానాశ్రయము పని ప్రారంభించెను. ప్రయాణికుల విమానములు బేగంపేట విడిచి అక్కడికి పోయెను. ఆ దినము పునరుత్థాన ఆదివారము. ఆ ఉదయము ఆరాధనలో ఎవరును మధ్యలో ఆగలేదు. ఆ నెమ్మదికొరకు మేము దేవునికి ప్రత్యేకముగా స్తోత్రము చెల్లించితిమి.

కొన్ని నెలల తరువాత శంషాబాదు వైపు ఒక పల్లెలో కుటుంబ ప్రార్థనకు పోయి, ఈ సంగతిని సాక్ష్యముగా చెప్పితిమి. గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పెద్దమ్మ అంతయు విని, కోపములేకుండ ఇట్లనెను:

“మీ తాన సప్పుడు బందయిందని స్తోత్రం చేసిన్రు. మంచిదే అయ్యగారూ. గని ఆ సప్పుడు యాడికి వోయిందో అడిగిన్రా? భూమి ఉన్నోళ్లకు పైసలొచ్చినయి. మేము ఆ భూముల్ల కూలికి పోయెటోళ్లం. మా కూలికి ఎవలు ధర కడతరు?”

మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల భూమిలో ఉన్నది. ఐదేసి ఎకరముల రైతులు వెయ్యిమందికి పైగా సేద్యము చేసికొనదగినంత విస్తీర్ణమది. మా కప్పుమీదినుండి లేచిన చప్పుడు ఆమె కప్పుమీద దిగినది. మేము స్తోత్రము చేసినది తప్పు కాదు. విచారింపకుండ చేసినదే తప్పు.

ఏలీయా ప్రవక్తను తలంచుకొనుడి. హోరేబు కొండమీద గొప్ప గాలి వచ్చెను, భూకంపము వచ్చెను, అగ్ని వచ్చెను. వాటిలో దేవుడు కనబడలేదు. ఆ తరువాత మెల్లనైన స్వరము వినబడెను. మనము ఈ భాగమును ఎన్నిసార్లు ధ్యానించినను సాధారణముగా అక్కడనే ఆగుదుము. ప్రభువు ఆగలేదు. ఇక్కడ నీకేమి పని అని అడిగి, వచ్చిన దారినే తిరిగి పంపెను. రెండు అధ్యాయములు తిప్పి చూడుడి: అదే ఏలీయా నాబోతు ద్రాక్షతోటలో రాజు ఎదుట నిలిచి, భూమి పోయి ప్రాణమును పోగొట్టుకొన్నవాని పక్షమున మాటలాడుచున్నాడు. మెల్లని స్వరము విన్నవాడే నోరులేనివానికి నోరైనాడు. దేవుడు మనకు నెమ్మది ఇచ్చుట నిద్రపోవుటకు మాత్రమే కాదు. పొరుగువాని మొర వినుటకు.

ప్రభుత్వమును ఆహాబుతో పోల్చుట మా ఉద్దేశము కాదు. విమానాశ్రయము రాజుగారి కూరతోట వంటిది కాదు. గల్ఫునకు కూలికి పోవు మన కుమారులు అక్కడనే విమానమెక్కుచున్నారు. రోగులు త్వరగా వైద్యమునకు చేరుచున్నారు. అయితే అందరికి మేలైన పనికి కొందరు మూల్యము చెల్లించుచుండగా, వారిని మరచిపోవు హక్కు క్రైస్తవునికి లేదు.

2023 మే నెలలో విజయనగరము జిల్లా భోగాపురములో విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. వరంగల్లు దగ్గర మామునూరులో పాత విమానాశ్రయమును తిరిగి తెరచుటకు రైతుల భూమి అడుగబడినది. రేపు మన ఊరికిని నోటీసు రావచ్చును. కనుక ఈ సంగతి సంఘస్థులందరు ఎరుగవలెను. 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము పట్టా ఉన్నవారిని మాత్రమే బాధితులుగా ఎంచలేదు. భూమి తీసికొనుటకు ముందు మూడేండ్లు అక్కడ పనిచేసి, దానిమీదనే ముఖ్యముగా బ్రతుకు కూలి కుటుంబములను, కౌలుదారులను కూడ బాధిత కుటుంబములుగానే లెక్కించినది. విమానాశ్రయమువంటి పెద్ద పనులకు పర్యావరణ అనుమతి ఇచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెనని 2006వ సంవత్సరపు నోటిఫికేషను చెప్పుచున్నది. ఆ సభకు సంఘపెద్దలు పోవలెను. చదువురాని కూలివారిని వెంటబెట్టుకొని పోవలెను. వారి మాటను వ్రాసి ఇయ్యవలెను. ఇదియు సేవయే.

ఇంకొక మాట మన ఇంటినుండియే మొదలుపెట్టుదము. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దుగా నిర్ణయించినవి. రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు ఆరుబయట మైకు పెట్టరాదనుట సాధారణ నియమము. మన కూటములప్పుడు గుడి మైకు ఎవరి కప్పువైపు తిరిగియున్నది? ఆ ఇంట బాలింత ఉన్నదా, రోగి ఉన్నాడా అని అడిగితిమా? విమానపు చప్పుడును గూర్చి మొరపెట్టు నోరు ముందుగా తన మైకును తగ్గించుకొనవలెను.

ఆ పెద్దమ్మ ప్రశ్న మమ్మును నేటికిని విడువలేదు. మీకు ఒక మేలు కలిగినప్పుడు స్తోత్రము చేయుడి. తరువాత ఆమె అడిగినట్లే అడుగుడి: మా కప్పుమీదినుండి లేచిన భారము ఎవరి కప్పుమీద దిగినది? తెలిసినయెడల, ఆ ఇంటికి పోయి కూర్చుండుడి.

ప్రార్థన: ప్రభువా, మాకు నీవిచ్చు నెమ్మదిలో మా పొరుగువారి మొర వినునట్లు మా చెవులు తెరువుము. భూమిని, పనిని పోగొట్టుకొన్న కుటుంబములను ఆదరించుము. మాటలాడవలసిన చోట మాటలాడు ధైర్యమును, తగ్గించుకొనవలసిన చోట తగ్గించుకొను మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.