అలచందల చేను కాచినవాని పేరు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 23:8-39, లూకా 10:17-20



మన గ్రామ సంఘములలో ఏ గుడిలోనికి వెళ్లినను గోడమీదనో, గంటస్తంభముమీదనో, బల్లమీదనో ఒక పేరు వ్రాయబడి యుండును. ఫలానివారి జ్ఞాపకార్థమని ఒకరు, ఫలానివారు సమర్పించిరని మరియొకరు వ్రాయింతురు. ఇది తప్పని మేము చెప్పబోవుట లేదు. మేలు చేసినవారిని మరచుట కృతఘ్నత. అయితే మనము ఎవరి పేరు వ్రాయుచున్నాము? ఎవరి పేరు విడిచిపెట్టుచున్నాము? దూరదేశపు ఆట యొకదానిని గూర్చి ఆలోచించినయెడల ఈ సంగతి మనకు తేటపడును.

ఉత్తర అమెరికాలో లాక్రాస్ అను ఆట యున్నది. మైదానములో పక్షమునకు పదిమంది చొప్పున ఆడుదురు. ప్రతివాని చేతిలో ఒక కఱ్ఱ, దాని కొనను చిన్న వల. గట్టి రబ్బరు బంతిని ఆ వలలో పట్టి, పరుగెత్తి, తోటివానికి విసరి, ఆరడుగుల వెడల్పును ఆరడుగుల ఎత్తును గల గోలులోనికి కొట్టవలెను. ఈ ఆట తెల్లవారు కనిపెట్టినది కాదు. ఇరోక్వాలని పిలువబడిన హౌడెనొసౌనీలును, ఆ ఖండపు ఇతర ఆదివాసులును తరతరములుగా దీనిని ఆడిరి. ఇది సృష్టికర్త ఇచ్చిన ఆటయని, రోగుల స్వస్థత కొరకు ఆడదగినదని హౌడెనొసౌనీలు నేటికిని దీనిని గౌరవింతురు.

ఈ ఆటలో గొప్పవారి పేర్లు నిలుపుటకు 1957లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో జాతీయ లాక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్, అనగా కీర్తిమందిరము, ఏర్పడెను. అది ఇప్పుడు మేరీలాండ్ రాష్ట్రమందలి స్పార్క్స్ అను ఊరిలో ఉన్నది. 2001లో మేజర్ లీగ్ లాక్రాస్ అను పేర వృత్తి ఆటగాండ్ర మైదానపు పోటీలు ఆరంభమాయెను. వృత్తియను మాటేగాని, దాని జీతముతో అనేకులకు సంసారము గడువలేదు. వారమంతయు వేరు ఉద్యోగము చేసికొని, వారాంతములో ప్రయాణమై పోయి ఆడి, మరల సోమవారము పనిలోనికి వెళ్లిరి. 2019లో ప్రీమియర్ లాక్రాస్ లీగ్ తన పోటీలు మొదలుపెట్టెను. 2020 డిసెంబరులో పాత లీగు దానిలో కలిసిపోయెను. 2022లో ఈ క్రొత్త లీగు వృత్తి ఆటగాండ్రకు ప్రత్యేకముగా ఒక కీర్తిమందిరము ఏర్పరచి, లేకుండ పోయిన పాత లీగులో చెమటోడ్చినవారిని సన్మానించెను. తమకు ముందు దున్నినవారిని మరువకుండుట మెచ్చదగినదే.

ఈ ఆట లెక్కలలో మన మనస్సును తాకిన సంగతి యొకటి కలదు. గోలు కొట్టినవాని పేరేగాక, బంతి అందించినవాని పేరును వ్రాయుదురు. అంతేకాదు, నేలమీద దొర్లు బంతిని ఎదుటివారి కఱ్ఱల నడుమ నడుము వంచి ఎత్తుకొన్నవానికి కూడ లెక్క యున్నది. నేలబంతి యని దాని పేరు. కేకలన్నియు గోలు కొట్టినవానికే పోవచ్చును. కాని నేలబంతి ఎత్తువాడు లేనియెడల గోలు ఎక్కడనుండి వచ్చును?

దావీదు కాలమునందును ఇట్టి పట్టిక యొకటి వ్రాయబడెను. సమూయేలు రెండవ గ్రంథము 23వ అధ్యాయములో అతని పరాక్రమశాలుల పేర్లున్నవి. వారందరు 37 మంది. పేర్లే గదా అని మనము గబగబ చదివి దాటిపోవుదుము. మెల్లగా చదివిన మూడు సంగతులు కనబడును.

మొదటిది, షమ్మా. ఫిలిష్తీయులు వచ్చినప్పుడు జనులు పారిపోయిరి. ఇతడు మాత్రము చేని నడుమ నిలిచి దానిని కాచెను. అది కోట కాదు, రాజనగరు కాదు, అలచందల చేను! పొలము దున్నిన మనకు దాని విలువ తెలియును. అది ఒక ఇంటి ఏడాది కష్టము, పిల్లల కూడు. అంత చిన్న చోట నిలిచినవాని ద్వారా యెహోవా గొప్ప రక్షణ కలుగజేసెనని వాక్యము చెప్పుచున్నది.

రెండవది, యోవాబు. అతడు సేనాధిపతి. అయినను పరాక్రమశాలులలో ఒకడుగా అతడు ఇక్కడ లెక్కింపబడలేదు. అతని సహోదరులు లెక్కలో ఉన్నారు. అతని ఆయుధములు మోసిన నహరై సహితము ఉన్నాడు. ఎందుకో వాక్యము చెప్పలేదు గనుక మేమును చెప్పము. అయితే యోవాబు అబ్నేరును, అమాశాను మోసముతో చంపినవాడని ఎరుగుదుము. పదవి పెద్దదైనంత మాత్రమున పేరు నిలువదు.

మూడవది, పట్టికలో చివరి పేరు. అది హిత్తీయుడైన ఊరియా. ఎవని భార్యను దావీదు తీసికొనెనో, ఎవనిని యుద్ధములో ముందర నిలిపి చంపించెనో ఆ ఊరియాయే. రాజునకు ఎంత సిగ్గైనను ఆ పేరు కొట్టివేయబడలేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయమున మన ప్రభువు వంశావళిలో సహితము ఊరియా పేరు మరల వినబడుచున్నది. మనుష్యులు అన్యాయము చేసినవానిని దేవుడు మరువడు.

ఆ ఆట చరిత్రలోను ఊరియా వంటివారున్నారు. కెనడాలో డబ్బు పుచ్చుకొని ఆడువారికి చోటు లేదను నియమముచేత 1880లో ఆదివాసుల జట్లు పెద్ద పోటీలనుండి తొలగింపబడెను. బీదవారు ప్రయాణపు ఖర్చులకు పుచ్చుకొన్న డబ్బే వారి నేరమాయెను. ఆట నిచ్చినవారినే గుమ్మము వెలుపల నిలువబెట్టిరి! ఇరోక్వా నేషనల్స్ అను జట్టు 1983లో ఏర్పడి, 1990లో ప్రపంచ పోటీలలో తమ జాతి పేరున ఆడువరకు నూరేండ్లు దాటెను. ఆ జట్టును నిలిపినవారిలో ఒకడైన ఓరెన్ లయన్స్ పేరు నేడు జాతీయ కీర్తిమందిరములో ఉన్నది. నాడు కూలి పుచ్చుకొనుట దోషము. నేడు కూలికి ఆడినవారికొరకే ఒక కీర్తిమందిరము కలదు. మనుష్యుల తీర్పు ఎంత మారునో చూడుడి.

ప్రియులారా, ఊరి వెలుపల నిలువబెట్టబడుట ఎట్టిదో మన పితరులకు ఎవరును నేర్పనక్కరలేదు. అట్టి మనము మన సంఘములో మరియొకని వెలుపల నిలువబెట్టవచ్చునా? లాంతరు పట్టుకొని పల్లెపల్లెకు నడిచిన బైబిలు స్త్రీ పేరు ఏ రాతిమీద ఉన్నది? తెల్లవారకముందే గుడి ఊడ్చిన విధవరాలి పేరు ఎవరికి జ్ఞాపకము? చందా చెల్లింపలేదని, లేక పెద్దల తగవులో ఎదుటి పక్షమున నిలిచెనని, రిజిష్టరులోనుండి కొట్టివేయబడిన పేరు ఒకటైనను లేదా? ఆ యింటివారు నేడు ఆదివారమున ఎక్కడ కూర్చుండుచున్నారు?

మేమును పెద్దలముగా ఈ విషయములో తప్పిపోయితిమి. ఇచ్చినవారి పేర్లు బిగ్గరగా చదివితిమి. మోసినవారి పేర్లు అడుగనైన లేదు. కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘమునందును పెద్దలు రిజిష్టరు ముందర పెట్టుకొని ప్రార్థనతో కూర్చుండవలెనని కోరుచున్నాము. కొట్టివేసిన పేరు కనబడినయెడల, ఆ యింటికి నడిచిపోయి క్షమాపణ అడుగవలెను. చనిపోయిన తరువాత రాయి నిలుపుటకంటె, బ్రతికియుండగా చేయి పట్టుకొనుట మేలు.

కడపటి మాట. పాత లీగు ఇరువదేండ్లకే ముగిసెను. పందెగాని కిరీటము వాడిపోవునని పౌలు కొరింథీయులకు వ్రాసెను. మన గుడిగోడ సున్నమును రాలును. దయ్యములు సహితము లోబడెనని డెబ్బదిమంది శిష్యులు సంతోషముతో తిరిగి వచ్చినప్పుడు, దానికంటె తమ పేర్లు పరలోకమందు వ్రాయబడినందుకు సంతోషింపుడని ప్రభువు వారికి బోధించెను. ఆ పేర్లు మన యోగ్యతచేత కాదు, ఆయన రక్తముచేత వ్రాయబడినవి. అక్కడ పేరున్నవాడు ఇక్కడ తన పేరుకొరకు పోరాడ నక్కరలేదు. ఇతరుల పేరు నిలుపుటకు అతనికి తీరిక యుండును.

ప్రార్థన: ప్రభువా, మేము మరచినవారిని మరువని దేవా, మా కన్నులు తెరువుము. మేము నొప్పించిన ఊరియా యింటికి నడిచిపోవుటకు మాకు ధైర్యమిమ్ము. నీవు మాకిచ్చిన అలచందల చేనిలో కడవరకు నిలుచు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.