ఏది యాక్టివ్ నోడు? ఒక ప్రమాణ చర్చ

హడూప్ ఫైల్ వ్యవస్థలో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే నేమ్‌నోడ్ సర్వర్లు, ఒకటి ఆగినా పని ఆగకూడదనుకునే అమరికలో, సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి పని నడిపే యాక్టివ్, రెండోది దాని స్థానంలోకి రావడానికి సిద్ధంగా ఉండే స్టాండ్‌బై. ఏది యాక్టివో తేల్చడానికి ఏది ప్రమాణం, అంటే సరైన జ్ఞానానికి సాధనం?

యాక్టివ్ నోడు నుంచి సంకేతాలు ఆగిపోతే అది చనిపోయినట్టేనా? భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. అయితే షరతు పెట్టారు: వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడే పరిస్థితిలోనే, కనబడకపోవడం దాని లేమిని రుజువు చేస్తుంది. చీకటి గదిలో కుండ కనబడలేదు కనుక కుండ లేదనలేం. నెట్‌వర్క్ అచ్చంగా ఆ చీకటి గదే. నోడు ఆగిందో, ఆలస్యమవుతోందో, తీగే తెగిందో బయటివారికి తేడా తెలియదు. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ప్రచురించిన అసాధ్యతా సిద్ధాంతం (ఇలాంటి వ్యవస్థల్లో నోడ్లు ఏకాభిప్రాయానికి వస్తాయని కచ్చితమైన హామీ ఇవ్వలేమన్నది) మూలంలోనూ ఈ చిక్కే ఉంది.

పోనీ, ఆ నోడునే అడిగితే? అందుకు ఆదేశం ఉంది. కానీ సుదీర్ఘంగా స్తంభించి మళ్లీ కదిలిన పాత నోడు కూడా తానే యాక్టివ్ అంటుంది, అదీ నిజాయితీగానే! అహంప్రత్యయం, అంటే ‘నేనే’ అన్న స్వీయజ్ఞానం, ఇక్కడ చెల్లదు.

అందుకే మార్పుల చిట్టాను భద్రపరిచే జర్నల్‌నోడ్లను వాడే అమరికలో తీర్పు వాటిది. కొత్త నోడు యాక్టివ్ అయిన ప్రతిసారీ ఎపాక్ సంఖ్య, అంటే ఎన్నో హయామో చెప్పే సంఖ్య, పెరుగుతుంది. పాత సంఖ్యతో వచ్చిన రాతను అవి తిరస్కరిస్తాయి; వాటిలో మెజారిటీ అంగీకరించిన రాతే చెల్లుతుంది. పాత నోడు మాత్రం కాసేపు కాలం చెల్లిన సమాచారాన్ని చదివి ఇవ్వగలదు. దాన్ని ఆపడానికి ఫెన్సింగ్‌ను, అంటే పాత నోడును బలవంతంగా పక్కకు తప్పించే పద్ధతిని, విడిగా ఏర్పాటు చేసుకోవాలి.