తీర్పు లేని బలపరీక్ష

తిరుపతి పట్టణమున ఏ వీధికొసన నిలిచి ఉత్తరముగా తల యెత్తినను కనులకు అడ్డముగా నిలుచు ఆ ఎఱ్ఱని రాతికొండ, పౌరాణికుల మాట ప్రకారము, ఒక బలపరీక్షలో పెకలి వచ్చి పడిన శకలము. ఆదిశేషునకును వాయుదేవునకును తమలో ఎవడు బలవంతుడన్న వివాదము పొడమగా, శేషుడు మేరువునకు చెందిన ఆనందశిఖరమును తన దేహముతో చుట్టివేసి బిగించి పట్టుకొనెననియు, వాయువు తన సర్వశక్తినొడ్డి వీచెననియు, ఆ పెనగులాటలో శిఖరము కదలి సువర్ణముఖీ తీరమునకు ఎగిరివచ్చి పడెననియు, అదియే శేషాచలమనియు స్థలపురాణము. ఇచ్చటికి నలుబది కిలోమీటర్లైనను లేని శ్రీకాళహస్తిలో శివుడు వాయులింగమై వెలసియున్నాడు. గాలి చొరరాని గర్భాలయమున దీపశిఖ ఒకటి అల్లలాడుచుండుట వాయువునకు నిదర్శనమని అర్చకులు చూపుదురు. పోటీపడిన ఇద్దరిలో ఒకనికి కొండ దక్కినది, మఱియొకనికి లింగము దక్కినది. కథ చెప్పువారిని బట్టి గెలుపు ఇటో అటో మొగ్గుచుండును గాని, ఓడినవానిని నీచపఱచిన కథనము మాత్రము నా చెవిని పడలేదు.

ఇట్టి నేలమీద, ఒక క్రూరమృగమునకును మఱియొక క్రూరమృగమునకును పోరు కలిగినచో జయమెవరిది యన్న ప్రశ్న పుట్టుట వింత కాదు. కొండపాదమున 1987లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో సెలవుదినమున కొంచెము సేపు నిలిచినవానికి అది పదిమంది పిల్లల నోట వినబడును. "నాయనా, పులీ సింగమూ కొట్లాడితే ఏది గెలస్తాది?" అని ఒక పిల్లవాడు అడుగగా, "రెండూ వేరేవేరే చోట్ల ఉండాయి గదరా, ఎట్ల కొట్లాడతాయి?" అని తండ్రి విసుగుతో బదులు చెప్పెను. విసుగుతో చెప్పినదైనను ఆ మాటలో తర్కము లేకపోలేదు. ఆసియా సింహమునకు అడవిలో మిగిలిన నెలవు గుజరాతునందలి గిర్ ప్రాంతము. అచ్చట పులి కాపురము లేదు. మన నల్లమలలో పులి కలదు. నర్మదకు దక్షిణమున సింహము సంచరించినదనుటకు గట్టి ఆధారము లేదు. సింహమును కన్నెత్తి చూచి యెఱుగని దేశమున మన కవులు అది మదగజముల కుంభస్థలములను చీల్చి ముత్యములు రాల్చుటను వేనవేల పద్యములలో వర్ణించిరి, మన శిల్పులు ఏనుగుపై లంఘించు సింహమును గుడిగుడికిని చెక్కిరి. ఆ పులియు ఈ సింహమును ఎదురుపడవలెనన్న మనుష్యుడు పట్టి తెచ్చి ఒక్కచోట విడువవలసినదే. కనుక ప్రశ్న మృగములది కాదు, మనదే.

అట్లు పట్టి తెచ్చి పరీక్షించినవారును ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గైకొన్న 1515వ సంవత్సరముననే, పోర్చుగల్లు ప్రభువైన మాన్యుయేలు, గుజరాతు సుల్తాను కానుకగా ఇచ్చిన ఖడ్గమృగమొకటి ఓడమీద తనకు చేరగా, దానిని లిస్బను నగరమున ఒక ఏనుగుగున్నకు ఎదురు నిలిపెను. ఈ రెంటికిని సహజవైరమని రోమక పండితుడు ప్లినీ ఏనాడో వ్రాసియుండగా, ఆ గ్రంథవాక్యమును కన్నులార పరీక్షింపవలెనని రాజుగారి కోరిక. ఖడ్గమృగము నిదానముగా ముందుకు నడచెను. ఏనుగు దానిని చూచినదే తడవుగా బెదరి, అడ్డమును ఛేదించుకొని తన కొట్టమువైపు పరుగెత్తెను. యుద్ధమే జరుగలేదు. ఖడ్గమృగమే గెలిచినదని లోకులు తీర్పు చెప్పుకొనిరి గాని, నా మట్టుకు ఆ సభలో వివేకము చూపినది ఆ ఏనుగుగున్నయే యని తోచుచున్నది.

ఏలయన, మృగములకు పౌరుషమన్న వ్యసనము లేదు. సాటి మగపులితో పొలిమేరకై, ఆడుదానికై పోరునప్పుడు సైతము, గర్జించి, పండ్లు చూపి, ఒకటి తొలగిపోవుటతోనే చాలమట్టుకు వ్యవహారము ముగియును. జాత్యంతరముతో నిష్కారణముగా కలహించుట వాటికి తెలియదు. రెండు వందల కిలోల మగపులి ఉన్న అడవిలో దానిలో మూడవ వంతు తూగు చిరుత దారి ఇచ్చి, రాత్రివేళలను, చెట్టుకొమ్మలను, ఊరిపొలిమేరలను తన భాగముగా ఉంచుకొనును. ఆ చిరుతయే, ఒక్కొక్కటి ఇరువది కిలోలు మించని రేసుకుక్కలు మందగా కమ్ముకొని వచ్చినపుడు పట్టిన వేటను సైతము విడిచి చెట్టెక్కును. ఎలుగుబంటి చూపు మందము, నడక బరువు. పారిపోయి బ్రదుకుటకు చాలనిదగుటచేతనే అది ఎదురుతిరిగి నిలుచును, ఆ నిలుచుటనే మనము శౌర్యమందుము. వేమన మొసలిని గూర్చి చెప్పిన స్థానబలిమి నీటికి మాత్రమే పరిమితము కాదు. వేళకు, ఆకలికి, సంఖ్యకు కూడ అట్టి బలిమి యొకటి కలదు. ఇన్నింటిని తీసివేసి, శూన్యమున రెండు దేహములను నిలిపి, వీనిలో ఏది బలీయము అని అడిగినచో ప్రశ్నకు అర్థమే మిగులదు.

మన జిల్లా వేటకథలలో ఇందుకు సాక్ష్యమున్నది. బెంగళూరువాసియైన కెన్నెత్ ఆండర్సన్ 1954లో ప్రకటించిన వేటపుస్తకమున, భాకరాపేట ప్రాంతపు చామల లోయలో మనుష్యులను తినమరగిన పులి యొకదానిని గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. ఆనాడు అచ్చట పులి గాండ్రింపు వినబడెడిది; ఈనాడు తిరుమల కొండల చుట్టును పెద్దపిల్లి యనదగినది చిరుతయే. పులి మనుష్యభక్షిణి యగుట గర్వముచేత కాదు, చాలమట్టుకు గాయముచేతనని కుమావూను కొండలలో పుట్టి పెరిగిన జిమ్ కార్బెట్ వ్రాసెను. తుపాకిగుండు తగిలి కోరలు విఱిగిన చంపావత్ ఆడుపులి అందులో ప్రసిద్ధము. ముండ్లపందిని పట్టబోయి ముండ్లు పంజాలో దిగి చీము పట్టి, జింకను తఱుమలేక మనుష్యునిమీదికి మరలిన పులులును కలవు. అడవికి ఏలికయైన దానిని ఒక ముండ్లపంది కూలద్రోయుట బలాబలముల పట్టికలో ఏ వరుసన వ్రాయవలెనో పట్టిక వేయువారే చెప్పవలెను. ఛాందోగ్యమున సనత్కుమారుడు నారదునకు ఉపదేశించుచు, విజ్ఞానముకంటె బలము గొప్పదని చెప్పి, అంతటితో ఆగక, బలముకంటె అన్నము గొప్పదనెను. పదిదినములు తిండి లేనివాడు బ్రదికియున్నను చూడలేడు, వినలేడు, తలపలేడు. బలమును పరమావధిగా కొలుచువారు ఆ ఉపదేశమున ఒక మెట్టు ముందే నిలిచిపోయినవారు. గాయపడిన మృగమునకు వేట లేదు, వేట లేనిదానికి అన్నము లేదు, అన్నము లేనిదానికి బలమెక్కడిది? పోరును తప్పించుకొనుటయే వాటి నీతి యగుటకు ఇదే మూలము.

అట్టి నీతిని మృగములు పాటించుచుండగా, మనుష్యుడు తన దేవతలకు మాత్రము దానిని వర్తింపనీయలేదు. హిరణ్యకశిపుని చీల్చుటకు విష్ణువు నరసింహుడయ్యెను. తిరుమల ఆలయ ప్రాకారములోనే యోగనరసింహుని సన్నిధి కలదు. ఆ నరసింహుని కోపమును అణచుటకు శివుడు శరభరూపము దాల్చెనని శైవపురాణములు. తంజావూరు సీమయందలి దారాసురమున పండ్రెండవ శతాబ్దపు చోళశిల్పి ఆ శరభుని రాతిలో నిలిపినాడు. శరభుని అణచుటకు నరసింహుడు రెండు తలల గండభేరుండ పక్షి యయ్యెనని వైష్ణవుల ప్రత్యుత్తరము. ఏనుగును సింహము, సింహమును శరభము, శరభమును గండభేరుండము. ఈ నిచ్చెనకు పైమెట్టు లేదు. ఎదుటివాడు మఱియొక మెట్టు చెక్కించువఱకే నేటి మెట్టు పైది. విజయనగరపు అచ్యుతదేవరాయలు తన బంగారు నాణెములమీద, ముక్కులతోను గోళ్లతోను ఏనుగులను పట్టుకొన్న గండభేరుండమును ముద్రింపించెను. అన్నయైన కృష్ణదేవరాయల కాలమున చంద్రగిరి కోటలో ఉంచబడిన ఈ రాజు, 1529లో రాజ్యమునకు వచ్చినపుడు, తిరుమల వేంకటేశ్వరుని సన్నిధిని అభిషేకము పొంది, కాళహస్తీశ్వరుని ఎదుట కూడ పట్టాభిషేకము జరిపించుకొనెనని చరిత్రకారులు చెప్పుదురు. నాణెముమీద పక్షిని ఎగురవేసినవాడే శివుని ఎదుట తల వంచినాడు. రాజునకు రెండు కొండలును కావలెను. పండితులకు మాత్రము ఒకటి గెలువవలెను.

భాగవతము ఈ నిచ్చెన అవసరము లేకుండ చేసినది. అందు నరసింహుని ఉగ్రతకు బ్రహ్మాదులు బెదరి దూరమున నిలువగా, లక్ష్మి సైతము సమీపింప జంకగా, చిన్నవాడైన ప్రహ్లాదుడు దగ్గఱకు పోయి మ్రొక్కెను, కోపము దిగెను. అంతకంటె పెద్ద మృగము రానక్కఱలేకపోయెను. అయినను తరువాతివారికి ఆ ముగింపు చాలలేదు: బలమును బలమే అణచవలెనని, పిల్లవాడు అణచుట నమ్మదగినది కాదని వారి తలంపు కాబోలు.

ఈ మాట వ్రాయుచున్నపుడు నా కలము ఒక చోట ఆగుచున్నది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిన తల్లిదండ్రులతో కొండకు నడచుచున్న ఆరేండ్ల బాలికను చిరుత ఎత్తుకొనిపోయి చంపినది. అది జరిగినది దారిలోని లక్ష్మీనరసింహస్వామి గుడికి సమీపముననే. అంతకు ముందు జూనులో ఒక బాలుడు ఆ దారిననే చిరుత నోటబడి బ్రదికి బయటపడెను. అటుపిమ్మట చిరుతలను బోనులలో పట్టిరి, పిల్లలు నడచు వేళలకు హద్దులు పెట్టిరి, దేవస్థానమువారు భక్తులకు చేతికఱ్ఱలు పంచిరి. ఆ కఱ్ఱ చిరుతను గెలుచునని ఎవరును తలపలేదు. కఱ్ఱ పట్టినవాడు నిటారుగా, కొంచెము పెద్దగా, కొంచెము ప్రమాదకరముగా కనబడును, గాయమునకు వెఱచు మృగము వెనుదీయును, అంతే. నరసింహుడు తన గుడిముందర ఎందుకు ఊరకుండెనని అడిగినవారు కలరు. దానికి కర్మఫలమని చెప్పి నోరు మూయించుట నాకు క్రూరముగా తోచును. చిరుత ఆ బిడ్డతో పోరలేదు. అది ఆకలి, వేట. హిరణ్యకశిపునితో నరసింహుడు చేసినది ఆకలి కాదు, తీర్పు. దేవుని సింహమునకును అడవి చిరుతకును రూపమున పోలిక కలదు గాని కార్యమున లేదు, కనుక ఒకదానితో మఱియొకదానిని అడ్డగింపవలెనని కోరుట రెండింటిని ఒకే నిచ్చెనమీద నిలుపుటయే. నిచ్చెన తప్పని చెప్పుచునే ఆ దుఃఖమునకు మాత్రము నేను సమాధానము చెప్పినవాడను కాను.

ఇక కాళహస్తి. అచ్చటి లింగమును పూజారులు సైతము చేతితో తాకరు. అడుగున సాలెపురుగు, రెండు ప్రక్కల ఏనుగు దంతములు, పైని పాముపడగ ఆ రాతియందే కలవని చూపుదురు. పాము రాత్రివేళ మణులు తెచ్చి లింగమున కలంకరించును. ఏనుగు తొండముతో ఏటినీరు తెచ్చి, ఆ మణులను చెత్తగా భావించి త్రోసివేసి, అభిషేకము చేసి, మారేడాకులు పఱచిపోవును. పాము తిరిగి వచ్చి ఆకులను చెత్తగా భావించి తొలగించును. తుదకు పాము ఆకుల మాటున పొంచి ఏనుగు తొండములో దూఱెను, ఊపిరాడక ఏనుగు తన తలను బండకు మోదుకొనెను, రెండును చచ్చెను. రెంటికిని శివుడు మోక్షమిచ్చెను. ఏనుగు బలము పాముముందర వ్యర్థమైనదనవలెనా, పాము యుక్తి దానిని కూడ చంపినదనవలెనా? పురాణము ఆ లెక్క వేయదు. ఇద్దరును తప్పు చేయలేదు. ఎదుటిదాని పూజ పూజగా కనబడకపోవుటయే అచ్చటి కలహము. శరభమును గండభేరుండమును చెక్కించినవారి కలహమును ఇదియే, వారు మణులను, మారేడాకులను గాక శ్లోకములను తొలగించుచుండిరి, అంతే భేదము.

ఆ క్షేత్రమందే దీనికి జత కథ యొకటి కలదు. బోయవాడైన కన్నప్ప, పూజారి అలంకరించిన పువ్వులను చెప్పుకాలితో తొలగించి, పుక్కిటి నీటితో అభిషేకము చేసి, కాల్చిన మాంసమును నైవేద్యము పెట్టెడివాడు. పూజారి శివగోచరుడు వచ్చి, అపచారమని ఏడ్చుచు, మాంసమును పాఱవేసి శుద్ధి చేసెడివాడు. ఏనుగు పాముల వ్యవహారమే ఇది, అక్షరము తేడా లేదు. ఒకని చేత విల్లున్నది, మఱియొకని చేత శాస్త్రమున్నది. ఎదురుపడినచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. కాని శివుడు పూజారికి కలలో కనబడి, ఱేపు నా వెనుక దాగి అతడు చేయునది చూడుమనెను. శివగోచరుడు దాగి చూచెను, లింగపు కంట నెత్తురు కాఱగా ఆ బోయవాడు తన కన్ను పెఱికి అతుకుటను చూచెను. పామునకు గాని ఏనుగునకు గాని అట్టి కల వచ్చినట్లు కథ చెప్పదు.