నీలిపూత ఎందుకు రంగు మారుతుంది?



ఈసారి గోదావరిఖనిలో బ్యాంకుకు పోయినప్పుడు గార్డు చేతిలోని తుపాకి గొట్టం ఒకసారి చూడండి. కొత్తలో అది నీలం కలిసిన నలుపు. పాతబడితే చెయ్యి రాసుకునే చోట తెల్లగా ఉక్కు తేలుతుంది, మిగతా చోట ఊదా, గోధుమ రంగు వస్తుంది. ఆయుధాల వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడే చెప్పిండు గదా, మనకీ ముచ్చటెందుకు అంటారేమో. నేను చెప్పేది తుపాకి గురించి కాదు, దాని రంగు గురించి.

ఆ నీలం పెయింటు కాదు. అదీ ఒక రకం చిలుమే. ఉక్కును కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లలో ముంచుతారు. పైపైన ఉన్న ఇనుము ఆక్సిజన్‌తో కలిసి మాగ్నటైట్ అనే నల్లటి పొర అవుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతో, రెండు వంతులో ఉంటుంది, అంతే. ఆ పొర ఒక్కటే ఇనుమును కాపాడలేదు. అది నూనెను పట్టి ఉంచుతుంది, కాపాడేది ఆ నూనె. నూనె ఆరిపోయి చెమటలోని ఉప్పు, వానకాలం తేమ తగిలితే అదే ఇనుము, అదే ఆక్సిజన్ ఎర్ర చిలుముగా మారతయి. నల్లది అంటుకొని ఉంటుంది. ఎర్రది పొరలు ఊడుతూ లోపలికి తింటూ పోతుంది. కొన్ని గొట్టాలు ఎంత చూసుకున్నా ఊదాకు తిరుగుతయి. ఉక్కులో నికెల్, క్రోమియం పాలు ఎక్కువున్నా, ముంచిన నాడు వేడి సరిగ్గా లేకున్నా అట్లయితది.

ఇనుములో పుట్టిన తుప్పు ఇనుమునే తినే పోలిక ధమ్మపదం మలవగ్గలో ఉంది, 240వ గాథ. దానికి అట్టకథలో చీవరం మీది ఆశతో చనిపోయి పేనుగా పుట్టిన తిస్స భిక్షువు కథ చెప్తారు. బాబాసాహెబ్ ధమ్మం చదివినోళ్లకు పేను అక్కర్లేదు, ఇనుము చాలు.

మనలోని ఇనుము ఏది? మేమెవరికీ తక్కువ కాదనే రోషం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందిని నిలబెట్టింది ఆ రోషమే. మనుషులంతా సమానమని 22 ప్రతిజ్ఞల్లో మనమూ పలికినం. కానీ బిడ్డకు సంబంధం చూసే రోజు మొదటి ప్రశ్న ఏమొస్తుంది? మాలనా, మాదిగనా, నేతకానినా? అదే రోషం పక్కింటివైపు తిరిగి, మీకన్నా మేమెక్కువ అంటుంది. బయటినుంచి ఎవరూ తెచ్చి పూసింది కాదిది. దీక్ష నాటి తెల్లబట్టలు బీరువాలో భద్రంగానే ఉంటయి, ఆదివారం వందనానికే ఎవరూ రారు!

లేత చిలుమైతే నూనెలో తడిపిన మెత్తటి స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దితే పోతుంది, కింది నలుపు నిలుస్తుంది. గుంట పడితే మాత్రం ఉక్కునే అరగదీయాలి. అందుకే వచ్చే పున్నమికి వందనం అయినంక పెళ్లీడు పిల్లలున్నవాళ్లు విహారంలో ఒక గంట ఆగండి. పిల్లల పేరు, చదువు, పని, అలవాట్లు రాసిన కాగితం తెండి. అందులో కులం గడి వద్దు.