మూగకాయ

తాటిపాకలో ఒక కొబ్బరి వర్తకుడు ఉండేవాడు. అంబాజీపేట మార్కెట్లో ఆయన్ని మోసం చెయ్యగలిగినవాడు లేడని పేరు. కురిడీ రాశి దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపలి కొబ్బరి చిప్పని వదిలి గలగలమంటే ఈ పక్కకి, మూగగా ఉంటే ఆ పక్కకి. అవతలివాడు వెయ్యి కాయలకి ధర చెప్పేలోపే ఎన్ని తీసెయ్యాలో ఈయన లెక్క తేలిపోయేది.

అలాంటాయనకి మలేషియా చూడాలని కోరిక పుట్టింది. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ అనే ఊరి చుట్టూ కొబ్బరి తోటలున్నాయనీ, తెల్లదొరల కాలంలో తోటపనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇంకా ఉందనీ ఎవరో చెప్పారు. బావమరిదిని తోడు తీసుకున్నాడు. టికెట్లు మాత్రం ఎవరివి వాళ్లే కొనుక్కున్నారు. వర్తకుడు ఫోనులో అన్నిటికన్నా తక్కువ ధర చూసి నొక్కేశాడు. బావమరిది ఇంకొంచెం పెట్టి, సామాను బరువు కూడా కలుపుకుని కొన్నాడు.

"డబ్బు చేదెక్కిందిరా నీకు," అని నవ్వాడు వర్తకుడు.

చెన్నై విమానాశ్రయంలో వర్తకుడి సంచిని తూకం మీద పెట్టమన్నారు. జంతికలు, కొబ్బరి లౌజు, రెండు పంచెలు, అన్నీ కలిసి పన్నెండు కిలోలు. ఆయన టికెట్టుకి చెల్లేది ఏడు కిలోలే. మిగతా బరువుకి అక్కడికక్కడ కట్టేసరికి బావమరిది టికెట్టు ధర దాటిపోయింది.

కౌలాలంపూర్‌లో ఏటీఎం దగ్గర రెండో దెబ్బ. "రూపాయల్లో తీసుకుంటారా, రింగిట్లలోనా?" అని తెర మీద అడిగింది. మన రూపాయే నయమనుకుని దాన్నే నొక్కాడు. మారకం రేటు ఎంతో చూడలేదు. ఇక గది. అద్దె సగమే, కానీ రైలు స్టేషను దరిదాపుల్లో లేదు. పొద్దునా సాయంత్రం టాక్సీ. మిగిలిన సగం అద్దె కాస్తా టాక్సీవాడికే పోయింది.

ఒక్క తిండి దగ్గర మాత్రం ఇద్దరూ గెలిచారు. రోడ్డు పక్కన అరిటాకు పొట్లంలో నాసి లెమాక్ అమ్ముతున్నారు. కొబ్బరిపాలలో వండిన అన్నం, పైన ఎర్రటి కారప్పచ్చడి, కరకరలాడే చిన్న చేపలు, వేరుశనగ గుళ్లు, దోసకాయ ముక్కలు. వర్తకుడు మొదటి ముద్ద పెట్టుకుని, "పాలు చిక్కగానే తీశారు," అన్నాడు. ఆయన నోట ఇంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

బగాన్ దాతుక్ తోటలోకి అడుగుపెట్టగానే ఆయన చేతులు ఊరుకోలేదు. రాశిలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"బావా, టికెట్టు కొన్ననాడు ఈ చెవి ఏమైంది?" అన్నాడు బావమరిది.

వర్తకుడు కాయ కింద పెట్టాడు. "మూగకాయే కొన్నాన్రా," అన్నాడు.

నీతి: పైకి కనిపించే ధర చిప్ప ఒక్కటే. లోపల ఏముందో ఊపి చూసుకున్నాకే కొనాలి.

ఊపడమంటే అడగడమే. చవక విమానాల్లో చేతి సామానుకి ఎక్కువగా 7 కిలోలే ఇస్తారు. అంతకు మించి తీసుకెళ్లేది ఉంటే టికెట్టుతోపాటే బరువు కొనుక్కోవాలి. విమానాశ్రయంలో కొంటే వాచిపోతుంది. ఏటీఎం అయినా, దుకాణంలో కార్డు మిషను అయినా, ఏ డబ్బులో అని అడిగితే ఆ దేశపు డబ్బే చెప్పాలి. రూపాయలు నొక్కితే రేటు కట్టేది అవతలివాళ్లు. మన బ్యాంకు కట్టే రేటు దానికన్నా దాదాపు ఎప్పుడూ నయం.

మలేషియాకి 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటుకి గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, టికెట్టుకి ముందే అది ఇంకా నడుస్తోందో లేదో చూసుకోవాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి. దిగడానికి మూడు రోజుల ముందునుంచి ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డుకి పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగిన సైటు ప్రభుత్వానిది కాదు, మూసెయ్యండి.

కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎక్స్‌ప్రెస్ రైలుకి మనిషికి 55 రింగిట్లు, అరగంట ప్రయాణం. బస్సుకి అందులో మూడో వంతు కూడా కాదు గాని గంటకి పైనే పడుతుంది. ఒంటరిగా, పగటిపూట దిగితే నా ఓటు బస్సుకే. నలుగురు కలిసి దిగితే మాత్రం రెండూ వద్దు. గ్రాబ్ యాప్‌లో కారు పిలిచి పంచుకుంటే నాలుగు రైలు టికెట్లకన్నా తక్కువలో గది గుమ్మం ముందే దిగుతారు.