మొదటి సంచి

కుట్టుపని మొదలుపెట్టడానికి మిషనే ఉండనక్కర్లేదు. ఒక సూది, మూరెడు దారం, పాత నూలు చీర ముక్క చాలు. అంతకంటే పొడుగు దారం తీస్తే చిక్కుపడుతుంది. గుడ్డను తిరగేసి మడిచి, అంచుకు అరంగుళం లోపల సుద్దతో గీత గీయండి. ఆ గీత వెంటే కుట్టండి. సంచి కాడలు అతికే చోట వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు వెళ్లే కుట్టు వేయండి, బరువంతా మోసేది అక్కడే.

మొదటి కుట్లు వంకరపోతే దిగులొద్దు. విప్పి మళ్లీ వేయండి. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టింది ఇలాంటి ఓపికతోనే.

2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులపై దేశమంతటా నిషేధం ఉంది. అందుకే ఈ ఆదివారం ఒక్క సంచి కుట్టండి. కూరగాయలకు దాన్నే తీసుకెళ్లండి.