మరల బేతేలునకు

మూలవాక్యము: ఆదికాండము 35వ అధ్యాయము, 1 నుండి 7 వచనములు

పరిశుద్ధ గ్రంథములో వలస కూలివాని కథ యేది యని అడిగినయెడల, అది యాకోబు కథయని చెప్పవలెను. తండ్రి యిల్లు విడిచిన తరువాత దారిలో చీకటిపడిన చోట అతనికి రాయియే తలగడ; చేతికఱ్ఱ తప్ప వేరు ఆస్తి లేదు. హారానులో లాబాను యొద్ద అతడు ఇరువది సంవత్సరములు కొలువు చేసెను. పగటి యెండయు రాత్రి మంచును అతని దేహమును కృశింపజేసెను. కంటికి నిద్ర కరవాయెను. యజమానుడు పదిమారులు జీతము మార్చెను.

ఈ కథ చదువునప్పుడు మలేషియాలోని తెలుగు కుటుంబములకు వ్యాఖ్యానము అక్కరలేదు. విశాఖపట్టణ, గోదావరి మండలముల నుండి ఓడలెక్కి మలయాకు వచ్చిన తాతముత్తాతల బ్రతుకే అందులో కనబడును. ఒప్పంద కూలి పద్ధతి ఇచ్చట 1910లో నిలిచిపోయెను. కంగాణి ద్వారా కూలీలను రప్పించు పద్ధతి 1938 వరకు సాగెను. లైను ఇల్లు, దొర ఆజ్ఞ, కంగాణి పద్దు, కోడికూతకు ముందే హాజరు పిలుపు, ఇవియే వారి హారాను.

అయితే యాకోబు ఆ రాత్రి ఒంటరిగా లేడు. ఆకాశమునంటిన నిచ్చెనను కలలో చూచి, మేలుకొని, తలక్రింది రాతిని నిలిపి, నూనె పోసి, ఆ చోటికి బేతేలు, అనగా దేవుని మందిరము, అని పేరు పెట్టెను. తినుటకు అన్నము, కట్టుటకు బట్ట దయచేసి క్షేమముగా తిరిగి రప్పించినయెడల యెహోవాయే తనకు దేవుడనియు, కలిగిన దానిలో పదియవ వంతు చెల్లింతుననియు మ్రొక్కుకొనెను.

దేవుడు తన వంతు నెరవేర్చెను. చేతికఱ్ఱతో యొర్దాను దాటినవాడు రెండు గుంపుల వాడై తిరిగి వచ్చెను. కాని వచ్చినవాడు బేతేలునకు పోలేదు. సుక్కోతులో ఇల్లు కట్టుకొనెను. షెకెము ఎదుట పొలము కొనెను. అక్కడ ఒక బలిపీఠమును కూడ కట్టించెను. ఆరాధన జరుగుచునే యున్నది. మ్రొక్కిన చోటు మాత్రము దూరముననే యున్నది. అతడు మ్రొక్కు మరచెనని గ్రంథము చెప్పదు, తీర్చెననియు చెప్పదు. షెకెములోనే అతని యింటికి అవమానము కలిగెను. అతని కుమారుల చేతులు రక్తసిక్తమాయెను. ఆ గడియలో దేవుడు యాకోబును గద్దింపలేదు. లేచి బేతేలునకు పోయి అక్కడ బలిపీఠము కట్టుమని మాత్రమే చెప్పెను. ఆత్మీయ నూతనత్వము అనునది యిదియే: కలిమి వచ్చిన తరువాత, లేమినాటి ప్రమాణము నొద్దకు తిరిగి నడచుట.

పిలుపు విన్న యాకోబు మొదట తన యింటివారి వైపు తిరిగెను. మీలో దాగియున్న అన్యదేవతలను తీసివేసి, శుద్ధులై, వస్త్రములు మార్చుకొనుడని వారికి చెప్పెను. ఆ విగ్రహములు ఎక్కడివి? రాహేలు తన తండ్రి గృహదేవతలను దొంగిలించి, ఒంటె సామగ్రిలో దాచి తెచ్చినది; ఆ సంగతి యాకోబునకే అప్పుడు తెలియదు. విడిచి వచ్చిన దేశపు బరువు కొంత, తెలియకయే మూటలో కూడ వచ్చును. సముద్రము దాటిన మూటలలో కులభేదము అట్లే వచ్చినది. ఒకే ఓడలో వచ్చి, ఒకే లైనులో కాపురముండి, ఒకే తోటలో చెమటోడ్చినవారు, ప్రభువు బల్ల యొద్దకు వచ్చునప్పటికి ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండవలెనని చూచుకొనినచో, అది ఒంటె సామగ్రిలో దాచిన విగ్రహము కాదా? తోటలోని కల్లు దుకాణమున కూలి హరించుకొనిపోయినప్పుడు, పిమ్మట సంసు సీసా ఆ స్థానము నాక్రమించినప్పుడు, ఆ యింట దేవుడెవరు? నేటి మూటలోనివి వేరు కావచ్చును: పెండ్లి ఆడంబరము, పొరుగువానితో పోటీ, ధనాపేక్ష. అవి దాగియుండు చోటు మాత్రము అదే.

ఇక్కడ ఒక చిన్న వివరమును గమనింపవలెను. యాకోబు ఇంటివారు విగ్రహములతో పాటు చెవిపోగులను కూడ ఇచ్చివేసిరి. అతడు వాటిని కరగించి దాచుకొనలేదు. షెకెము దగ్గరి చెట్టు క్రింద పాతిపెట్టెను. అర్ధహృదయము విగ్రహమును విడుచును గాని బంగారమును దాచుకొనును. పూర్ణహృదయము రెంటిని పాతిపెట్టి ముందుకు నడచును.

పూర్ణహృదయ మనగా ఏమో తెలుగు సంఘ చరిత్రయే చూపుచున్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరవు పీడించెను. ఒంగోలులో సేవచేయుచున్న జాన్ క్లౌ దొర, ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు బాధ్యత వహించెను. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరిరి. కాని అన్నము కొరకు ఎవరును విశ్వాసమును ఒప్పుకొనరాదని ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు సహాయము ముగిసిన పిమ్మట, ఇక ఇచ్చుటకు ధనము లేదని స్పష్టముగా చెప్పబడిన తరువాత కూడ, జనులు గుంపులుగా వచ్చిరి. తాము సహాయము కొరకు రాలేదనియు, కష్టించి బ్రతుకగలమనియు చెప్పి, చేతుల బొబ్బలు చూపిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు సమాజము అంటరానివారని త్రోసివేసిన బీదలు. ఇచ్చువాని చేయి ఖాళీయైన తరువాత కూడ అతని దేవుని వెదకినవాడే పూర్ణహృదయుడు.

ఆ నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు విశ్వాసులలో కొందరు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒప్పంద కూలీలుగా పోయిరి. అక్కడ వారికి తెలుగు కాపరి లేడు. అయినను పని ముగిసిన తరువాత ఇండ్లలో కూడి ప్రార్థించుచుండిరి. స్వదేశమున తెలుగు బాప్తిస్టు సంఘములు తామే స్థాపించుకొనిన హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్య గారిని వారి యొద్దకు పంపెను. ఆ యేడు డిసెంబరు 27న కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. రంగయ్య గారు 1915లో మరణించు వరకు అచ్చటనే సేవచేసెను. కాపరి రాకమునుపే ప్రార్థన యున్నది, గుడి కట్టకమునుపే సంఘ మున్నది. బలిపీఠమును మొదట నిలిపినవి తేయాకు త్రుంచిన చేతులే.

మలేషియాలో తెలుగు క్రైస్తవులు కొలదిమందియే. ఇరుగుపొరుగు తెలుగువారు ఎక్కువగా హిందువులు. తోటలలోని క్రైస్తవారాధన ఎక్కువగా తమిళమున జరుగుచుండెను. ఈ స్థితిలో విశ్వాసమును కాపాడుకొనిన పెద్దల బుద్ధి నేర్చుకొనదగినది. రబ్బరు చెట్టును గీయువారికి ఆ బుద్ధి చేతిపనిలోనే దొరకినది. నిన్నటి గాటుపై పాలు గట్టిపడి పట్టీగా అంటుకొనియుండును. ముందుగా దానిని లాగివేయవలెను. పిమ్మట పలుచని పొరను మాత్రమే గీయవలెను. లోతుగా గీసినచో చెట్టు గాయపడును, గీయకున్నచో పాలు రావు. చల్లని వేకువ పాలు ధారాళముగా పారును. ఎండ ముదిరిన కొలది ధార తగ్గును. గీసిన చోట కొన్ని సంవత్సరములకు కొత్త బెరడు వచ్చును. ఆ కొత్త బెరడు మరల పాలిచ్చును.

భక్తియు అట్టిదే. నిన్నటి అనుభవము ఎంత గొప్పదైనను, అది గట్టిపడి నేటి ధారకు అడ్డుపడవచ్చును. ఎఫెసు సంఘమునకు కష్టము, సహనము, సిద్ధాంతశుద్ధి అన్నియు ఉండెను. మొదటి ప్రేమ మాత్రము లేదని ప్రకటన గ్రంథము 2వ అధ్యాయము తెలుపుచున్నది. అందుకు ప్రభువు చూపిన మార్గము మూడు మెట్లు: ఎక్కడ నుండి పడితివో తలంచుకొనుట, మనస్సు మార్చుకొనుట, మొదటి పనులు మరల చేయుట. కొత్త పనులు కావు, మొదటి పనులు. దేహము వడలినను లోపలి మనిషి దినదినము కొత్తవాడగునని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఈ వేకువ గాటును గూర్చియే యనవచ్చును.

అనేక తోటలు విడిపోయి ఇండ్ల స్థలములాయెను, ఆయిల్ పామ్ తోటలాయెను. మనుమలు పట్టణములలో ఉద్యోగస్థులై యున్నారు. ఇది దేవుని దయ. ఇదియే షెకెము కూడ. తాత చదివిన తెలుగు బైబిలు బీరువాలో భద్రముగా నున్నది. దానిని చదువగలవారు ఆ యింట తగ్గిపోవుచున్నారు. అది దుఃఖకరమే. అయితే అక్షరము మిగిలి బలిపీఠము కూలినచో అది మరింత దుఃఖము. తమిళమున గాని, మలయ్ భాషలో గాని, ఆంగ్లమున గాని ప్రార్థించు బిడ్డను దేవుడు వినును. ప్రార్థింపని యింటిని తెలుగు రక్షింపజాలదు. భూమి, ఇల్లు, పేరు వారసత్వముగా వచ్చును. భక్తి అట్లు రాదు. ప్రతి తరమును తన రాతిని తానే నిలుపవలెను.

బేతేలు త్రోవ సులభమని గ్రంథము చెప్పదు. అక్కడ దాది దెబోరా మరణించెను. అక్కడ నుండి పోవుచుండగా దారిలో రాహేలు కన్నుమూసెను. బలిపీఠము కట్టినవాని యింటికి దుఃఖము రాదని కాదు; దుఃఖము వచ్చినప్పుడు అతడు నిలుచుటకు చోటు కలదు. ఆ బేతేలులోనే దేవుడు అతనికి ఇశ్రాయేలను పేరును మరల స్థిరపరచెను.

కావున ఈ పిలుపునకు ప్రత్యుత్తరము గొప్ప సభలో మొదలు కానక్కరలేదు. ఒక యింట, ఒక సాయంకాలము, భోజనమునకు ముందు పెద్దవాడు బిడ్డలను కూర్చుండబెట్టి, తాత యే లేమిలో దేవుని పిలిచెనో చెప్పి, తన మూటలో దాగినదానిని తానే ముందుగా బయటపెట్టినచో, ఆ యింట బేతేలు మరల లేచును. కఱ్ఱతో దాటిన వారిని రెండు గుంపులుగా చేసిన దేవుడు, ఆ గుంపులను పూర్ణహృదయముతో తన యొద్దకు మరలించుకొనును గాక. ఆమేన్.